నిద్రగన్నేరు ఫైలు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. సర్వీసు అనుభవాలు రాయమన్నారు. వేతన సవరణలు, సమ్మెలు, బదిలీలు మొదలైన వాటి గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను చెట్ల గురించి రాస్తాను. నవ్వకండి, కారణం ఉంది.

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మన సంఘ భవనం వెనుకనున్న వేపచెట్టు విషయం వచ్చింది. తుఫానుల కాలం వస్తున్నది గనుక దాని తల కొట్టించేయాలని కొందరు మిత్రులు అన్నారు. కలప పట్టుకుపోయే షరతుమీద ఒకాయన పైసా తీసుకోకుండా కొడతానన్నాడట. ఉచితం అన్న మాట చెవిన పడగానే అందరం తలలూపాం. నేనూ అలవాటుకొద్దీ ఊపబోయి ఆగిపోయాను. ఇదే షరతు, దాదాపు ఇవే మాటలు, 1987లో నా చేతిరాతతో ఒక ఫైలులో ఉన్నాయి.

ఆ ఫైలు దగ్గరకు వచ్చేముందు కాస్త పాత సంగతులు.

దారి పక్కన చెట్లు నాటించడం మన దేశంలో ఏలికలు తమ పనిగా ఎంచుకున్నది చాలాకాలం నుంచీ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళమీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ ఉపయోగపడేట్టు బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించినట్టు ఆయన అందులో చెప్పించాడు. ఇంగ్లీషువారి కాలంలో మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డుల చేతుల్లోకి రోడ్లు వచ్చాక, ఆ రోడ్ల చెట్లూ బోర్డుల ఆస్తి అయ్యాయి. మనలో ఇంజనీరింగు శాఖల్లో పనిచేసినవారికి చెట్ల రిజిస్టరు గుర్తుండే ఉంటుంది. చెట్టుకో నంబరు, మొదట్లో సున్నం పట్టీ, ఏటా చింతకాయల వేలం. మామిడీ చింతా పాటకు వెళ్ళేవి. కాయకు లెక్క ఉండేది, పడిపోయిన చెట్టు కలపకు లెక్క ఉండేది. నిలబడి ఉన్న చెట్టు కొమ్మల్ని సవరించడానికి మాత్రం నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ ప్రత్యేకమైన పద్దు కనబడలేదు. ఆ పని కంటింజెన్సీలోంచి వెళ్ళదీయాల్సిందే. కంటింజెన్సీ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మన తీరానికి గాలి కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ. అప్పటికి నా సర్వీసు ఆరేళ్ళు. సహాయ కార్యక్రమాల డ్యూటీకి అవనిగడ్డ వైపు పంపిన గుమాస్తాల్లో నేనొకణ్ణి. అక్కడ చూసినవి ఈ పత్రికలో రాయలేను. చెట్ల సంగతి వరకు ఒక్కటి చెబుతాను. గుబురుగా, వెడల్పుగా ఉన్న చెట్లు కూలిపోయి, తాటిచెట్లు చాలాచోట్ల నిలబడి ఉన్నాయి. వాటిని కావలించుకుని రాత్రంతా గడిపి బతికినవాళ్ళు ఉన్నారు. తాటిచెట్టుకు గాలిని పట్టే కొమ్మ లేదు, ఉన్న నాలుగాకులూ గాలికి ముడుచుకుపోతాయి. ఇది నాకు అప్పుడు తోచలేదు. అప్పుడు చెట్ల గురించి ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు.

ఇప్పుడు ఫైలు.

1987లో నేను కోనసీమలో ఒక తాలూకా కేంద్రంలో పనిచేస్తున్నాను. ఆఫీసు పేరు అనవసరం. ఆవరణలో ఒక పెద్ద నిద్రగన్నేరు ఉండేది. దక్షిణ అమెరికా ప్రాంతం నుంచి వచ్చిన చెట్టు అది. తొందరగా పెరుగుతుంది, గొడుగులా పరుచుకుంటుంది, సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది. కలప మెత్తన. పింఛను కాగితాలకు వచ్చినవాళ్ళు, పహాణీ నకళ్ళకు వచ్చినవాళ్ళు అందరూ దానికిందే కూచునేవారు. ఆ ఏడు ఒక గాలివానకు దాని కొమ్మ ఒకటి విరిగి ఆఫీసు జీపుమీద పడింది. పై అధికారి వెంటనే చెట్టు విషయం పుటప్ చేయమన్నారు.

ఇద్దరు వచ్చారు. మొదటివాడు దింపు కార్మికుడు. కొబ్బరిచెట్లు ఎక్కడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు, పెద్ద చెట్ల కొమ్మలు కూడా కొట్టేవాడు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, తల ఎత్తి చాలాసేపు చూసి నాతో అన్నాడు:

"గుమాస్తాగారండీ, మొదలు ముట్టుకోకూడదండి. కొసలు తగ్గించాలండి. ఎండువి తీసెయ్యాలి, రాసుకుంటున్నవాటిలో ఒకటి తీసెయ్యాలి. గాలి లోపల్నుంచి పోయేలాగ చేస్తే చాలండి. నలుగురం, మూడు రోజులు. తొమ్మిది వందలవుద్దండి."

"కలప ఎంత వస్తుందోయ్?" అని అడిగాను.

"కలపేముంటదండి, పుల్లలు. పొయ్యిలోకొస్తాయి."

రెండోవాడు కట్టెల అడితి వ్యాపారి. కూలి అక్కరలేదన్నాడు, పైగా తానే 1,200 రూపాయలు ప్రభుత్వానికి కడతానన్నాడు, కొట్టిన కలప తనది. నేను నోటు రాశాను. వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: "రెండవ ప్రతిపాదన అంగీకరించిన యెడల ప్రభుత్వమునకు ఎట్టి వ్యయము లేకపోగా రూ. 1,200 ఆదాయము చేకూరును. ఉత్తర్వులకై సమర్పించడమైనది." సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది.

కట్టెలవాడి లెక్క ఎటుపోతుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. సన్నని కొసల్లో అతనికి లాభం లేదు. లావుపాటి కొమ్మల్లోనే ఉంది. గాలికి చెట్టును కుదిపేది కొసల బరువు, అతనికి డబ్బు తెచ్చేది మొదళ్ళ బరువు. నాలుగు రోజుల్లో నిద్రగన్నేరు అరచేయి తెగ్గొట్టిన మణికట్టులా మిగిలింది. నడుమంత లావున్న మోడులు ఆరో ఏడో. షరతు ప్రకారం వాటికి తారు పూయించారు. తారు డబ్బాకు రిజిస్టరులో సంతకం పెట్టింది నేనే.

మరుసటి ఏటికి మోడుల చుట్టూ గుప్పెడు గుప్పెడుగా కొమ్మలు లేచాయి. రెండేళ్ళకు మునుపటికన్నా చిక్కటి నీడ. చెట్టు బాగుపడిందని అందరం సంతోషించాం. ఆ దింపు కార్మికుడు వయసు మీదపడి చెట్లెక్కడం మానేశాక, మా ఆఫీసులోనే కంటింజెన్సీమీద రాత్రి కాపలాకు కుదిరాడు. నేను బదిలీ అయి వెళ్ళి, 1995లో సూపరింటెండెంటుగా మళ్ళీ అదే ఆఫీసుకు వచ్చాను. ఒకరోజు చెట్టుకింద నిలబడి, "ఎంత బాగా పెరిగిందోయ్" అన్నాను.

"ఆయ్, పెరిగిందండి. ఇవి చెట్టులోంచి వచ్చిన కొమ్మలు కావండి, చెట్టుకి అంటుకున్నవండి" అన్నాడు.

నేను విన్నాను. ఫైలు తిరిగి తెరవలేదు. మార్చి నెలాఖరు ఖర్చులు, ఆడిట్ అభ్యంతరాలు, ఇంకేవో ఉన్నాయి.

అతను చెప్పిన దానికి శాస్త్రం ఉందని నాకు రిటైరయ్యాక తెలిసింది. అలెక్స్ షైగో అని అమెరికా అటవీశాఖలో శాస్త్రవేత్త, 2006లో పోయాడు. రంపంతో వేలాది చెట్లను నిలువునా చీల్చి, గాయం తగిలినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూశాడు. మన ఒంటిమీద గాయం మానుతుంది, అంటే పాడైన చోట కొత్త కండ పుడుతుంది. చెట్టుకు అలా మానడం లేదు. పాడైన భాగాన్ని చెట్టు లోపల గోడలు కట్టి వేరు చేసి, దాని చుట్టూ కొత్త కలప పెంచుకుంటుంది. కొమ్మ మొదట్లో బోదెను అంటుకుని ఉబ్బెత్తుగా ఒక కట్టు ఉంటుంది, మీ పెరట్లో చెట్టును చూడండి, కనిపిస్తుంది. ఆ ఉబ్బుకు అవతల అంచున కోస్తే చెట్టు గోడ కట్టుకోగలదు. ఉబ్బును చెక్కేసినా, దూరంగా మోడు వదిలేసినా కట్టుకోలేదు, కుళ్ళు లోపలికి దిగుతుంది. తారు, రంగు, ఏది పూసినా కుళ్ళు ఆగదు. ఈ సంగతులు వివరించిన షైగో పుస్తకం అచ్చయింది 1977లో. దివిసీమ ఏడే. పదేళ్ళ తరువాత నేను తారు డబ్బాకు సంతకం పెట్టాను.

ఒక్క మనమే అనుకోకండి. జాన్ డేవీ అని ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్ళిన తోటపనివాడు 1901లో 'చెట్ల వైద్యుడు' అని అర్థమిచ్చే పేరుతో పుస్తకం వేశాడు. చెట్లను అడ్డదిడ్డంగా నరకడం తప్పని ఆ దేశంలో గట్టిగా చెప్పినవాళ్ళలో ఆయన ముందువాడు. అయితే ఆ కాలంలోనే తొర్రల్లో సిమెంటు నింపడం కూడా వైద్యమనుకున్నారు. ఊగే చెట్టులో ఊగని సిమెంటు. అది మేలుకన్నా కీడే చేసిందని తేలడానికి దశాబ్దాలు పట్టింది.

తల నరికిన చెట్టుకు వచ్చే కొత్త కొమ్మ మోడు పైపొరలోంచి పుడుతుంది. సహజంగా పెరిగిన కొమ్మ మొదలు ఏటేటా బోదె కలపతో పెనవేసుకుంటూ వస్తుంది, దీనికి ఆ పట్టు ఉండదు. అదే సమయంలో దానికింద మోడు కుళ్ళుతూ ఉంటుంది. ఎనిమిది తొమ్మిదేళ్ళకు కొమ్మ బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. ఇక గాలి సంగతి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 60 కిలోమీటర్ల గాలికి ఊగి ఊరుకున్న కొమ్మ 120కి ఎందుకు ఊరుకోదో దీన్నిబట్టి తెలుస్తుంది.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళికి కొద్దిరోజులే ఉంది. ఆ సాయంత్రం తీరం దాటిన తుఫాను కోనసీమను ఏం చేసిందో మన పాఠకుల్లో చాలామందికి స్వయంగా తెలుసు. వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రంమీదకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు పడుకున్నాయి. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఆ భాగం 2022లో వేరే జిల్లా అయింది గాని, ఆ తోటలు మళ్ళీ కాపుకు రావడానికి పట్టిన ఏళ్ళు అక్కడి రైతులకే తెలుసు.

ఆ మధ్యాహ్నం నేను ఆఫీసు తాళం వేసి వెళ్తూ, "రికార్డు రూము కిటికీలు ఒకసారి చూసుకోవోయ్, తడిస్తే మన ఉద్యోగాలు పోతాయి" అని కాపలాదారుకు చెప్పి వెళ్ళాను. చీకటిపడ్డాక ఒక కిటికీ రెక్క కొట్టుకుంటుంటే మూయడానికి అతను వరండాలోకి వచ్చాడు. నిద్రగన్నేరు కూలలేదు. వేరుతో సహా అలాగే నిలబడి ఉంది. మోడుమీద మొలిచిన కొమ్మ ఒకటి మొదలుకంటా ఊడి, వరండా పెంకులు పగలగొట్టుకుని అతని కాలిమీద పడింది. తెల్లవారేదాకా ఎవరూ వెళ్ళలేకపోయారు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

విచారణ నివేదిక తయారుచేయవలసింది నేనే. ఊడిన కొమ్మ మొదలు చూశాను. నల్లగా, బెండులాగ, గోటితో గీరితే రాలిపోయేలా ఉంది. అంచున పలచగా, తెల్లగా, బతికున్న కలప రెండంగుళాలు. దానిమీదే అంత కొమ్మా వేలాడిందన్నమాట. నేను నివేదికలో రాసింది: "ప్రకృతి వైపరీత్యము వలన సంభవించిన ప్రమాదము." 1987 ఫైలు నంబరు ఉదహరించలేదు. ఉదహరించి ఉంటే కాపలాదారుకు వచ్చే సాయం పెరిగేదో తగ్గేదో చెప్పలేను, నాకు మెమో మాత్రం వచ్చేది. కంటింజెన్సీ మనిషి గనుక పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఎక్స్‌గ్రేషియా కాగితాలు నేనే పట్టుకుని తిరిగితే రెండేళ్ళకు కొంత సొమ్ము వచ్చింది. అతను 2009లో పోయాడు. అప్పటిదాకా ఏడాదికొకసారైనా వెళ్ళి కలిసేవాణ్ణి. ఎప్పుడు ఆ మాట ఎత్తబోయినా "గాలి పెద్దదండి బాబూ" అనేవాడు. నేను 2007లో రిటైరయ్యాను, నా పింఛను మొదటి తారీఖున పడుతున్నది.

తరువాత నేను చూసినవి, చదివినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నంమీదకు వచ్చింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు. మా అబ్బాయి అక్కడే ఉంటున్నాడు. వారం తరువాత వెళితే, పచ్చగా ఎరిగిన ఊరు గోధుమరంగులో ఉంది. విశ్వవిద్యాలయ ఆవరణలో, రోడ్ల వెంట చెట్లు పడి ఉన్నాయి. తొందరగా నీడ వస్తుందని నాటిన తురాయి, కొండచింత వంటివి ఎక్కువగా కనిపించాయి. చాలావాటికి వేళ్ళు ఒకవైపు చక్కగా రంపంతో కోసినట్టు ఉన్నాయి. ఎప్పుడో కాలువకో కేబులుకో గుంట తవ్వినప్పుడు తెగినవి. మొదలు చుట్టూ సిమెంటు. అలాంటి చెట్టుకు కొమ్మలు ఎంత సవరించినా ప్రయోజనం తక్కువ. దీనికి లండన్ దగ్గరి క్యూ తోటలో జరిగిన ఒక వింత ఉదాహరణ. 1987 అక్టోబరు 15 రాత్రి వచ్చిన గాలికి ఇంగ్లండులో సుమారు కోటిన్నర చెట్లు పడ్డాయి. క్యూ తోటలో నీరసించి ఉన్న ఒక పాత ఓక్ చెట్టును గాలి వేళ్ళతో సహా పైకెత్తి మళ్ళీ అదే గోతిలో దింపింది. తీసేద్దామనుకుని పనుల ఒత్తిడిలో వదిలేస్తే మూడేళ్ళకు అది మునుపటికంటే ఆరోగ్యంగా తయారైంది. ఏళ్ళ తరబడి సందర్శకుల కాళ్ళకింద గట్టిపడ్డ మట్టి ఆ కుదుపుకు గుల్లబారి వేళ్ళకు గాలి అందిందట. మనం సిమెంటు పోసి చేస్తున్నది దీనికి సరిగ్గా ఎదురు పని.

మన మర్రిచెట్టు ఈ విషయంలో అందరికంటే తెలివైనది. పక్కకు పెరిగిన ప్రతి కొమ్మకూ ఊడ దింపి స్తంభం వేసుకుంటుంది. అనంతపురం ప్రాంతపు తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ అలా నిలబడిందే. కలకత్తా వృక్షోద్యానంలోని మహావటం 1864, 1867 తుఫానులకు దెబ్బతిని, ఆ పైన బూజు పట్టి, 1925లో అసలు బోదె తీసేయవలసి వచ్చినా ఊడలమీద బతుకుతూనే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మ 2017లో విరిగిపడ్డాక, మిగిలిన ఊడలకు గొట్టాలు కట్టి నేలదాకా దింపే ఏర్పాటు చేశారు. రోడ్డు పక్క మర్రిచెట్లకు వాహనాలకు అడ్డమని ఊడలు నరికేవాళ్ళు ఇది గమనించాలి.

మా అల్లుడు ఫ్లోరిడాలో ఉద్యోగి. అక్కడికి వెళ్ళినప్పుడు వీధిలో ఓక్ చెట్టును సవరిస్తున్న పనివాళ్ళను గంటన్నర నిలబడి చూశాను. మా అమ్మాయి నవ్వింది. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు పెద్ద పెద్ద ఫ్యానులతో తుఫాను గాలి సృష్టించి, రకరకాలుగా కత్తిరించిన చెట్లు ఎంత ఊగుతాయో కొలిచారు. 1992 ఆండ్రూ తుఫాను మొదలుకుని వరసగా వచ్చిన తుఫానుల తరువాత వీధివీధీ తిరిగి లెక్కలు తీశారు. సరిగా కొమ్మలు సవరించిన చెట్లు, సవరించని వాటికంటే ఎక్కువగా నిలిచాయి. లోపలి చిన్నకొమ్మలన్నీ గీసేసి కొసన గుబురు వదిలే పద్ధతి మాత్రం తప్పు, బరువంతా కొసకే చేరుతుంది. వాళ్ళు చేస్తున్నది చూస్తుంటే నాకు వేరే ఏమీ గుర్తురాలేదు. ఎండువి తీశారు, రాసుకుంటున్న వాటిలో ఒకటి తీశారు, పొడుగ్గా పోయిన కొమ్మలను, వాటిలోంచే పుట్టిన ఒక పాటి లావున్న పక్కకొమ్మ దగ్గరకు కుదించారు. పోగైనవి పుల్లలే.

మన వేపచెట్టు సంగతి. దాన్ని నిన్న సాయంత్రం చూసి వచ్చాను. ఉత్తరం వైపు జంటబోదె ఉంది, రెండింటి మధ్య బెరడు ఇరుక్కుంది. అలాంటి చోటే చీలుతుంది, అందులో చిన్నదాన్ని కుదించాలి. భవనంమీదకు వంగిన కొమ్మ ఒకటి కొస తగ్గించాలి. ఎండుకొమ్మలు నాలుగున్నాయి. మొత్తం ఆకులో నాలుగోవంతు మించి ఒకేసారి తీయకూడదు. లావుకొమ్మ ఏదైనా తీయవలసివస్తే ముందు బోదెకు అడుగు దూరాన కిందినుంచి కొద్దిగా కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మను దింపి, చివరకు మిగిలిన మోడును ఉబ్బు అంచున కోయాలి. అలాగైతే బెరడు చీలుకుంటూ కిందికి రాదు. తారు అక్కరలేదు. మొదలు చుట్టూ మనం పోయించిన సిమెంటు మూడడుగుల మేర తీయించాలి. ఆ సిమెంటు తీర్మానం కూడా నేను కోశాధికారిగా ఉన్నప్పటిదే, ఒప్పుకుంటున్నాను.

అప్పటి దింపు కార్మికుడి మనవడు ఇప్పుడు తాడు, బెల్టు కట్టుకుని ఇదే పని చేస్తున్నాడు. అతన్ని తీసుకొచ్చి చూపించాను. ముగ్గురు మనుషులు, రెండు రోజులు, 9,000 రూపాయలు అన్నాడు. కలప ఏమీ రాదన్నాడు. అందులో సగం నేను పెట్టుకుంటాను. మిగతా సగానికి వచ్చే నెల సమావేశంలో తీర్మానం ప్రవేశపెడుతున్నాను, ఈసారి నోటు కూడా నేనే రాసి తెస్తాను.